మెడలో గడ్డకు సూది పరీక్ష: భయం ఎందుకు, ఎప్పుడు అవసరం?

మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఇళ్లలో తరచుగా వినబడే మాట ఒకటుంది. మెడ ముందు గడ్డ కనబడింది, స్కాన్ రిపోర్టులో థైరాయిడ్ నాడ్యూల్ అని వచ్చింది, డాక్టర్ సూది పరీక్ష రాసిచ్చారు. ఇంటికొచ్చేసరికి నలుగురూ చేరి, "సూది గుచ్చితే గడ్డ రేగి క్యాన్సరైతాది, పోవద్దు" అంటారు. ఆ ఒక్క మాటతో ఏడాది, రెండేళ్లు కదలకుండా కూర్చునేవాళ్లున్నారు. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివినోణ్ణి. చదివి తెలుసుకున్నది చెప్తున్నా. మీ కేసులో నిర్ణయం మీ డాక్టర్‌దే.

ముందు ధైర్యం చెప్పే విషయం: థైరాయిడ్ గడ్డల్లో నూటికి తొంభై, అంతకన్నా ఎక్కువే, క్యాన్సర్ కావు. సూది వల్ల మామూలు గడ్డ క్యాన్సర్‌గా మారదు. సూది దారిలో క్యాన్సర్ కణాలు పాకడం కూడా చాలా చాలా అరుదు. ఉన్న క్యాన్సర్‌ను ఏళ్లతరబడి వదిలేయడమే అసలు ప్రమాదం.

అలాగని ప్రతి గడ్డకూ సూది అక్కర్లేదు. మొదట టీఎస్‌హెచ్ రక్తపరీక్ష, మెడకు అల్ట్రాసౌండ్. స్కాన్‌లో గడ్డ రూపాన్ని బట్టి టైరాడ్స్ అనే గ్రేడు ఇస్తారు. 2017 నాటి అమెరికన్ పద్ధతిలో గ్రేడు 3 అయితే 2.5 సెంటీమీటర్లు, గ్రేడు 4 అయితే 1.5, గ్రేడు 5 అయితే 1 సెంటీమీటరు దాటినప్పుడు సూది పరీక్ష చేయమంటారు. దక్షిణ కొరియాలో లక్షణాలు లేనివాళ్లకూ విచ్చలవిడిగా మెడ స్కాన్లు చేశారు. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. అంటే అనవసరంగా వెతకడం కూడా నష్టమే.

ఇది ముక్క పరీక్ష కాదు, కోత ఉండదు, కుట్లు ఉండవు. భుజాల కింద దిండు పెట్టి పడుకోబెడతారు. రక్తం తీసే సూది కన్నా సన్నని సూదిని, స్కాన్ తెరమీద మొన కనబడుతుండగా గడ్డలోకి పంపుతారు. పక్కనే పెద్ద రక్తనాళాలున్నాయి కదా, చూస్తూ చేస్తే వాటికి తగలదు. నీళ్లున్న గడ్డలో గట్టి భాగం నుంచే కణాలు తీయొచ్చు. రెండు, మూడు సార్లు గుచ్చుతారు. ఆ క్షణాల్లో మింగకూడదు, మాట్లాడకూడదు. అయ్యాక కాసేపు ఒత్తిపట్టి ఇంటికి పంపుతారు. కొంచెం నొప్పి, కమిలినట్టు ఉండొచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం ముందే చెప్పాలి.

రిపోర్టులో బెథెస్డా అని 1 నుంచి 6 వరకు నంబరు ఉంటుంది. 1 అంటే కణాలు చాలలేదని. మా సాఫ్ట్‌వేర్ భాషలో డేటా రాలేదు, అంతే. నార్మల్ అనుకొని వదిలేయొద్దు, మళ్లీ చేయించాలి. 2 అంటే మామూలు గడ్డ, అప్పుడప్పుడు స్కాన్ చాలు. 3, 4 అనుమానం తేలనివి. 5 గట్టి అనుమానం, 6 క్యాన్సర్. 4 వస్తే కణాలు చూసి మాత్రమే తేల్చలేరు, గడ్డ చుట్టూ ఉన్న పొరను కణాలు దాటాయా అన్నది ఆపరేషన్ తర్వాతే తెలుస్తుంది.

మన దగ్గర స్కాన్ ఒకచోట, సూది ఇంకోచోట, స్లైడ్లు చదవడం మరోచోట కావచ్చు. కర్నూలు పెద్దాసుపత్రికో, బళ్లారికో బస్సెక్కే ముందు మూడు ప్రశ్నలు అడగండి. స్కాన్ చూస్తూ చేస్తారా? స్లైడ్లు ఎవరు చదువుతారు? రిపోర్టులో బెథెస్డా నంబరు ఇస్తారా? పాత రిపోర్టులన్నీ ఒక కవర్‌లో పెట్టుకొని పోండి. మగ్గం పనో, పత్తి పనో ఒక పూట ఆగినా పర్లేదు.

గడ్డ త్వరగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా అసలు ఆలస్యం చేయొద్దు అక్కా.