డప్పు మనది, వెట్టి మనది కాదు
(అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఇందాక ఊరేగింపుల డప్పు మోగుతుంటే చదువుకున్న మన పిలగాళ్లు కొందరు పక్కకు జరిగిండ్రు. వాళ్లను నేను తిట్టను. ఒకప్పుడు నేనూ అట్ల జరిగినోణ్ణే. మా నాయిన గడి ముంగట కొట్టిన డప్పుకు కూలి లేదు. పెండ్లికి ముందు నడిచేది మన డప్పు, బంతి అంతా లేచినంక తినేది మన కడుపు. అది చూసిన కొడుకు డప్పును ఎట్ల ప్రేమిస్తడు?

కానీ తప్పు డప్పుదా, వెట్టిదా?

తోలు నానబెట్టి, బొచ్చు తీసి, చెక్క చట్రానికి బిగించి, మంటకు కాచి శ్రుతి చేసుడు విద్య కాదా? కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల. పెండ్లికో దరువు, చావుకో దరువు, చాటింపుకో దరువు. ఏ బడి నేర్పింది ఇదంతా?

టర్కీ దేశంల రోమా జనం ఉన్నరు. వాళ్ల పూర్వీకులు వెయ్యేండ్ల కింద మన దేశం నుంచి పోయినోళ్లే అనటానికి వాళ్ల భాషే సాక్ష్యం. పెండ్లిళ్లల్ల 'దావుల్' అనే పెద్ద డోలు కొడతరు. ఒక చేత లావు కర్ర, ఇంకో చేత సన్నని బద్ద! మన సిర్ర, సిటికెన పుల్ల యాదికి రాలేదా? వాళ్లదీ మనదీ ఒకటే కథని నేననను. కానీ వాళ్ల వాద్యం లేంది పెండ్లి జరగదు, వాళ్లు పక్కింట్ల ఉంటే ఓర్వరు. ఇస్తాంబుల్‌ల వాళ్ల పాత పేట సులుకులేను అభివృద్ధి పేరు మీద 2008-09ల కూలగొట్టిండ్రు. ఆట కావాలె, ఆడేటోని ఇల్లు వద్దు!

మన కరీంనగర్ గడ్డ ఊరుకోలేదు. 1978ల జగిత్యాల జైత్రయాత్ర దొరల వెట్టిని ధిక్కరించింది. 1994ల ఈదుముడిల మాదిగ దండోర పుట్టింది. దొర మాటను చాటిన డప్పే మన హక్కును చాటింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెల్లుతదని సుప్రీంకోర్టు చెప్పేదాక ఆ డప్పు ఆగలేదు.

అందుకే చెప్తున్న: డప్పు ఇడువొద్దు, ఉత్త డప్పు కొట్టొద్దు. కూలి ముందే మాట్లాడుకోండ్రి. బంతిల సమానంగ కూసోబెడితెనే పోండ్రి. బలవంతపెడితే, వెట్టి చేయించుడు 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని చెప్పుండ్రి. ఆడపిల్లలకు సుత నేర్పుండ్రి.

కొట్టాల్నా వద్దా అన్నది ఇగ ఊరు చెప్పేది కాదు, మనం చెప్పేది.

జై భీమ్!