పటాలం ఖర్చుకు ఒక సీమ

1792, 1799లలో ముగిసిన మైసూరు యుద్ధాల్లో ఈస్టిండియా కంపెనీ పక్షాన నిలిచిన నిజాం అలీ ఖాన్‌కు టిప్పు రాజ్యంలో వాటా దక్కింది. ఎన్నాళ్లని? 1800 అక్టోబరు 12 ఒప్పందంతో ఆ వాటా కంపెనీకే అప్పగించాడు. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతమూ అందులోనే పోయింది. నిజాం రాజ్యంలో కాపలా ఉండే కంపెనీ పటాలం ఖర్చుకట! పటాలం వాళ్లది, జీతాలు మన రైతు కట్టే శిస్తులోంచి. పైగా కంపెనీకి చెప్పకుండా ఇంకో రాజుతో మంతనాలు జరపకూడదని షరతు. పేరుకు మాత్రం స్నేహ ఒప్పందం. ఆ ఏడాదే కలెక్టరుగా థామస్ మన్రో అనంతపురంలో దిగాడు. పాలెగాళ్లను అణచి, పొలాలు కొలిపించి, ఏ రైతు ఎంత కట్టాలో లెక్క తేల్చే పని 1807 దాకా నడిపాడు.