బ్యాటరీ హెచ్చరిక మోగితే ఏం చేయాలి? డ్రోన్‌ను క్షేమంగా వెనక్కి తెచ్చుకోవడం ఎలా?

(నమో డ్రోన్ దీదీ పథకం లబ్ధిదారులైన డ్వాక్రా సంఘాల పైలట్లు, సహాయకుల అవగాహన సమావేశంలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం. ఫోన్‌లో దాచుకోండి, మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పంచుకోండి.)



మీరంతా 15 రోజుల శిక్షణ తీసుకున్నవాళ్లే. డ్రోన్ ఎగరేయడం మీకు నేను నేర్పక్కర్లేదు. ఈరోజు ఒకే ఒక్క విషయం మాట్లాడుకుందాం. గాల్లో ఉండగా రిమోట్ కీక్ కీక్ అని మోగుతుంది, తెర మీద బ్యాటరీ గుర్తు ఎర్రబడుతుంది. ఆ క్షణంలో మీ చేయి ఏం చేయాలి? దాన్ని నమ్మకంగా చేయగలగాలంటే ఎగరేయకముందే ఏం చూసుకోవాలి?

ఇది ఎందుకు ముఖ్యమో ముందు లెక్కలో చెప్తాను. ఈ పథకంలో డ్రోన్, దాని సామగ్రి ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు కేంద్రం ఇస్తోంది. మిగతాది సంఘం భరించాలి. దానికి అగ్రి ఇన్‌ఫ్రా ఫండ్ కింద అప్పు తీసుకుంటే వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. అంటే ఆ డ్రోన్ మీద మీ సంఘం సభ్యులందరి పొదుపు, పరపతి ఉన్నాయి. అది కొబ్బరి మట్టల్లోనో కాలవలోనో పడితే పోయేది యంత్రం ఒక్కటే కాదు. మందులు కొట్టే అదును వారం పది రోజులే ఉంటుంది. ఆ రోజుల్లో డ్రోన్ రిపేరులో ఉంటే ఆ సీజన్ రాబడి పోయినట్టే.

రైతు అడిగే మాట, మీరు చెప్పాల్సిన జవాబు

హెచ్చరిక మోగినప్పుడు గట్టు మీద నిలబడ్డ రైతు ఏమంటాడో మీకు తెలుసు. "ఇంకెంత అమ్మా, రెండు చాళ్లే ఉన్నాయి, కొట్టేసెయ్" అంటాడు. ఆయన తప్పేం లేదు, పని అయిపోవాలని ఆయన తొందర. మొహమాటానికి పోయి ఆ రెండు చాళ్లు కొట్టబోతేనే డ్రోన్లు పడతాయి.

మీరు చెప్పాల్సిన జవాబు సులువు. "బాబాయ్, ఎక్కడ ఆగిందో మిషన్ గుర్తు పెట్టుకుంటుంది. బ్యాటరీ మార్చి సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెడతాను. ఒక్క మొక్క కూడా వదలను." ఇది నిజం కూడా. పొలం మ్యాప్ వేసుకుని ఆటోమేటిక్‌గా పిచికారీ చేసేటప్పుడు, పని ఆపిన చోటును డ్రోన్ గుర్తుంచుకుంటుంది. దాన్నే బ్రేక్ పాయింట్ అంటారు. ఆ సౌకర్యం మీ మోడల్‌లో ఎలా వాడాలో శిక్షకుల దగ్గర మళ్లీ ఒకసారి చేయించుకోండి. వెనక్కి తెచ్చి బ్యాటరీ మార్చడానికి పట్టేది నాలుగైదు నిమిషాలే.

డ్రోన్ ఎప్పుడు దించాలో నిర్ణయించేది పైలట్ సర్టిఫికెట్ ఉన్న మీరు. రైతు కాదు, ఊరి పెద్ద కాదు, చూడ్డానికొచ్చిన అధికారి కూడా కాదు.

హెచ్చరిక రెండు మెట్లలో వస్తుంది

ఎక్కువ వ్యవసాయ డ్రోన్లలో ఇలా ఉంటుంది.

మొదటి మెట్టు: రిమోట్ మోగుతుంది, దీపం రంగు మారుతుంది లేదా మెరుస్తుంది. సెట్టింగును బట్టి కొన్ని డ్రోన్లు తమంతట తామే వెనక్కి బయల్దేరతాయి, కొన్ని హెచ్చరించి ఊరుకుంటాయి. మీ డ్రోన్ ఏ రకమో ఈరోజే తెలుసుకోండి. మొదటి మెట్టుకు అర్థం ఒక్కటే: పిచికారీ ఆపు, వెనక్కి రా.

రెండో మెట్టు: ఇక సమయం లేదు. చాలా డ్రోన్లు ఉన్నచోటే దిగడం మొదలుపెడతాయి. కింద వరి మడి ఉందా, చెరువు ఉందా, కంచె ఉందా అని అది చూడదు. రెండో మెట్టు దాకా వచ్చిందంటే మొదటి మెట్టులో మనం ఆలస్యం చేశామని అర్థం.

అంకెల్లో చెప్పాలంటే, 12 సెల్స్ ఉన్న బ్యాటరీ సెట్ పూర్తిగా చార్జి అయితే 50.4 వోల్టులు చూపిస్తుంది, సెల్‌కు 4.2 చొప్పున. గాల్లో ఉండగా 44 వోల్టుల దగ్గరకు వచ్చిందంటే వెనక్కి తిప్పే వేళ అయింది. 42కు వచ్చేసరికి డ్రోన్ నేల మీద ఉండాలి. శాతాల్లో చూపించే మోడల్ అయితే 30 దగ్గర తిప్పండి, 20కి పడిపోకముందే దించండి. సెల్స్ సంఖ్య వేరైతే ఈ అంకెలు మారతాయి. మీ కంపెనీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఆ అంకెను రిమోట్ వెనక స్టిక్కర్ మీద రాసి అంటించుకోండి.

వోల్టేజీ ఎందుకు పడుతుంది, ఎందుకు లేస్తుంది?

ఇంట్లో బోరు మోటారు వేయగానే బల్బు ఒక్క క్షణం మసకబారడం చూశారు కదా. ఇదీ అంతే. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మోటార్లు ఎక్కువ కరెంటు లాగుతాయి, వోల్టేజీ కిందికి దిగుతుంది. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ బరువు తగ్గి కాస్త లేస్తుంది. నేల మీదకు దించి చూస్తే ఇంకా లేస్తుంది. ఇక్కడే మోసపోతాం. "దించాక 45 చూపిస్తోంది, ఇంకా ఉంది కదా" అని మళ్లీ ఎగరేయకండి. బరువు లేనప్పుడు కనిపించే అంకెను లెక్కలోకి తీసుకోకూడదు.

నిండు ట్యాంకుతో లేవగానే హెచ్చరిక మోగిందంటే ఆ బ్యాటరీ ముసలిదైపోయిందని, లేదా సరిగ్గా చార్జి కాలేదని అర్థం. వెంటనే దించి ఆ సెట్‌ను పక్కన పెట్టండి.

అందుకే అంకెతో పాటు నిమిషాలు కూడా లెక్కపెట్టండి. 10 లీటర్ల ట్యాంకు సుమారు ఎకరానికి సరిపోతుంది. అది కొట్టడానికి మీ డ్రోన్‌కు ఎన్ని నిమిషాలు పడుతుందో నాలుగైదు రోజులు రాసి చూస్తే మీ లెక్క మీకు తెలిసిపోతుంది. డ్రోన్ లేవగానే సహాయకురాలు ఫోన్‌లో టైమర్ పెట్టాలి. మీ కళ్లు డ్రోన్ మీద ఉంటాయి, టైమర్ చూడటం ఆమె పని.

తిరుగు దారిలో ఎదురుగాలి

మందు మన మీద పడకూడదని మనం ఎప్పుడూ గాలి వచ్చే వైపు నిలబడతాం. అది సరైన పద్ధతే, మానకండి. కానీ దాని వల్ల ఒక సంగతి జరుగుతుంది. డ్రోన్ మన దగ్గరికి తిరిగి రావాలంటే ఎదురుగాలిలోనే రావాలి. పోయేటప్పుడు పట్టినదాని కంటే వచ్చేటప్పుడు ఎక్కువ చార్జి పడుతుంది. పొలం చివరి అంచున ఉంటే, గాలి కాస్త గట్టిగా ఉంటే, హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా ఇంకాస్త ముందే తిప్పండి. ప్యాకేజీలో గాలి వేగం కొలిచే పరికరం ఇచ్చారు, దాన్ని పెట్టెలో దాచకండి.

ఇంటికి రమ్మనే బటన్: నొక్కేముందు తెలియాల్సినవి

రిమోట్‌లో ఉండే రిటర్న్ బటన్‌ను చాలామంది దేవుడిచ్చిన వరంలా అనుకుంటారు. అది మంచిదే. కానీ అది చేసే పని మూడే: ముందు సెట్ చేసిన ఎత్తుకు లేస్తుంది, ఇంటి పాయింట్ వైపు తిన్నగా వస్తుంది, అక్కడ దిగుతుంది. దారిలో ఏముందో అన్ని డ్రోన్లూ చూడలేవు. చూసే సెన్సార్ ఉన్నా సన్నటి కరెంటు తీగ దానికి కనిపిస్తుందని నమ్మకం లేదు. కాబట్టి మూడు సంగతులు ముందే చూసుకోవాలి.

ఒకటి, ఇంటి పాయింట్. శాటిలైట్ సిగ్నల్ సరిపడా వచ్చాక, ఎగిరే చోటునే డ్రోన్ ఇల్లు అనుకుంటుంది. సిగ్నల్ రాకముందే తొందరపడి లేపితే దానికి ఇల్లు ఎక్కడో తెలియదు. ఒక పొలం అయ్యాక పక్క పొలానికి మారినప్పుడు డ్రోన్ ఆపి, మళ్లీ ఆన్ చేసి, తెర మీద ఇంటి గుర్తు కొత్తచోటుకు మారిందో లేదో చూడండి. మారకపోతే అది పాత గట్టుకు పోయి దిగుతుంది. ఆటో పక్కన, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, బోరు ఇనుప పైపుల పక్కన పెట్టి లేపకండి, దిక్సూచి తప్పుతుంది.

రెండు, తిరుగు ఎత్తు. పొలం చుట్టూ ఒకసారి నడిచి అన్నిటికంటే ఎత్తైనది ఏదో చూడండి. మిర్చి చేలల్లో తీగలే ఎత్తు కావచ్చు. కోనసీమలో అయితే కొబ్బరి చెట్లు 20 మీటర్లు కూడా దాటతాయి. దానికంటే కనీసం 5 మీటర్లు ఎక్కువగా పెట్టండి. గ్రీన్ జోన్‌లో పరిమితి 400 అడుగులు కాబట్టి పైకి చోటుంది. అలాగని మరీ ఎక్కువ పెట్టకండి, లేవడానికే బ్యాటరీ అయిపోతుంది.

మూడు, తల మీద ఏముందో. డ్రోన్ తీగల కింద గానీ కొమ్మల కింద గానీ ఉన్నప్పుడు బటన్ నొక్కితే అది నిలువుగా లేచి వాటికే తగులుతుంది. ముందు చేత్తో దాన్ని ఖాళీ చోటుకు తీసుకురండి, తర్వాత నొక్కండి.

హెచ్చరిక మోగింది. ఇప్పుడు వరుసగా:

1. పిచికారీ ఆపండి.
2. డ్రోన్‌నే చూడండి. తల మీద తీగ, కొమ్మ ఉంటే పక్కకు తప్పించండి.
3. దారి ఖాళీగా ఉండి, మీ చేయి నిలకడగా ఉంటే మీరే నడిపించుకుంటూ తీసుకురండి. లేదంటే రిటర్న్ బటన్ నొక్కండి.
4. దిగే చోటు నుంచి పిల్లల్ని, పశువుల్ని సహాయకురాలు దూరంగా పంపాలి.
5. ఇల్లు చేరదని అనిపిస్తే ప్రయత్నించకండి. దగ్గర్లో ఉన్న బీడు, కళ్లం, ఖాళీ మడి ఏదో ఒకటి చూసి మెల్లగా దించండి. ఇంటికి చేరడం కంటే నేలకు చేరడం ముఖ్యం. పది గజాల పంట నలిగితే రైతుకు నచ్చజెప్పుకోవచ్చు.
6. రెక్కలు పూర్తిగా ఆగాకే దగ్గరికి వెళ్లండి. చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు ఉండాలి, ట్యాంకులో మందు ఉంటుంది కదా.

డ్రోన్ కరెంటు తీగల్లో చిక్కుకుంటే కర్రతో లాగకండి, ఎవరినీ స్తంభం ఎక్కనివ్వకండి. 1912కి ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా దూరంగా ఉండండి. డ్రోన్ ఖరీదు ఎంతైనా మనిషి ప్రాణం కంటే ఎక్కువ కాదు.

బ్యాటరీ బాగుంటేనే హెచ్చరిక నమ్మకంగా ఉంటుంది

డ్రోన్‌తో వచ్చే సెట్ కాక అదనంగా 4 సెట్లు ప్యాకేజీలో ఉన్నాయి. రోజుకు 20 ఎకరాలు చేయాలన్నది పథకం అంచనా. ఎకరానికి ఒక సెట్ అనుకున్నా, ప్రతి సెట్ రోజుకు నాలుగుసార్లు చార్జి కావాలి. మన ఎండల్లో అది చిన్న పని కాదు.

దించిన బ్యాటరీ చేతికి వెచ్చగా ఉంటే వెంటనే చార్జింగు పెట్టకండి. నీడలో చల్లారనివ్వండి. ఎండలో ఆటో సీటు మీద వదిలేయకండి. జంటగా వాడే బ్యాటరీలకు ఒకటే నంబరు వేసి, ఎప్పుడూ ఆ జంటనే కలిపి వాడండి, కలిపి చార్జి చేయండి. పాతది, కొత్తది కలిపితే బలహీనమైనది ముందు పడిపోతుంది, తెర మీద మొత్తం అంకె బాగానే కనిపిస్తుంది. నాలుగైదు రోజులు పని లేకపోతే నిండా నింపి ఉంచకండి, సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచండి.

ఉబ్బినది, పడిపోయింది, నీళ్లలో మునిగింది, ఈ మూడింటినీ మళ్లీ చార్జి చేయకూడదు. ఇంటి బయట, మండే వస్తువులకు దూరంగా పెట్టి సర్వీసు వాళ్లకు చెప్పండి. చార్జింగు పడుకునే గదిలో పెట్టకండి, రాత్రంతా వదిలేయకండి. పక్కన ఇసుక బకెట్టు ఉంచండి. పొగ వస్తే మెయిన్ ఆపి, పొగ పీల్చకుండా అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

ఒక నోటు పుస్తకం

చివరిగా ఒక చిన్న పని. ప్రతి ఎగురుడుకూ ఒక వరుస రాయండి: తేదీ, పొలం, బ్యాటరీ సెట్ నంబరు, ఎన్ని నిమిషాలు ఎగిరింది, గాల్లో చివరగా చూసిన వోల్టేజీ. నిరుడు 9 నిమిషాలు వచ్చిన సెట్ ఇప్పుడు 7కే మోగుతోందంటే ఆ పుస్తకమే మీకు చెబుతుంది. ప్యాకేజీలో ఏడాది వారంటీ, ఏడాది సమగ్ర బీమా, రెండేళ్ల నిర్వహణ ఒప్పందం ఉన్నాయి. ఏదైనా జరిగి మీరు వాటిని అడగాల్సి వస్తే, నోటి మాట కంటే ఈ రాత గట్టిగా నిలుస్తుంది. గడువు తేదీలు కూడా ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి. సందేహం ఉంటే మీ ఏపీఎంను గానీ మండల వ్యవసాయ అధికారిని గానీ అడగండి.

రేపు పొలానికి వెళ్లేముందు ఒక్కసారి రిమోట్ తెరిచి మూడు అంకెలు చూడండి: మొదటి హెచ్చరిక ఎంతకు మోగుతుంది, రెండోది ఎంతకు, తిరుగు ఎత్తు ఎంత. ఆ మూడూ మీకు, మీ సహాయకురాలికి నోటికి వచ్చి ఉంటే, రిమోట్ మోగినప్పుడు కంగారు ఉండదు.

 ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.