ఛాతీలో దాగిన చిన్న డబ్బీ

కీమోథెరపీ నెలల తరబడి సాగుతుంది. ప్రతిసారీ చేతికే సూది గుచ్చితే సిరలు గట్టిపడి ఇక దొరక్కపోవచ్చు. అందుకే పై చేతి నుంచి గుండె దగ్గరి పెద్ద సిర దాకా సన్నని గొట్టం వేస్తారు. అదే పిక్ లైన్. లేదా ఛాతీ చర్మం కింద చిన్న డబ్బీలాంటి కీమో పోర్ట్ అమరుస్తారు.

అమర్చాక రోజూ దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఎక్కువగా నర్సే. మరి ఆ నర్సుకు నేర్పేదెవరు? ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ క్యాన్సర్ సంస్థ 'ఈవిక్యూ' పేరుతో ఆన్‌లైన్ పాఠాలు నడుపుతోంది. నగరానికి ఎంతో దూరంలో పనిచేసే నర్సు కూడా ఉన్నచోటే నేర్చుకోవచ్చు.

ఈ విద్యలో ప్రాణమంతా చిన్న మెళకువల్లోనే ఉంది. గొట్టం కడగడానికి 10 మిల్లీలీటర్ల సిరంజి వాడాలి. చిన్నదైతే ఒత్తిడి పెరిగి గొట్టం చిట్లవచ్చు. సెలైన్ ఏకధాటిగా కాక ఆపి ఆపి నెట్టాలి. పోర్టుకు మామూలు సూది పనికిరాదు, దాని సిలికోన్ మూతను తొలిచేయని హ్యూబర్ సూదే కావాలి. ఇక డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి మందు సంగతి. ఎక్కించే ముందు సిరంజి వెనక్కి లాగి రక్తం వస్తోందా అని చూడాల్సిందే. మందు సిర బయటికి కారితే చుట్టూ కండ చచ్చిపోవచ్చు. ఈ ఒక్క పాఠం కోసమైనా శిక్షణ తప్పనిసరి అంటాను.

తెర మీద చూసింది వెంటనే చేతికి రాదు. ముందు బొమ్మ మీద, తర్వాత అనుభవజ్ఞులు పక్కనుండగా రోగి దగ్గర చేసి చూపాలి.

మీ ఇంట్లో ఇలాంటి గొట్టం ఉన్నవారికి వణుకుతో జ్వరం వస్తే, తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.