వెనుకవరుస కాపరి: ఫుట్‌బాలు ఆటయందు విదేశపు కొలువు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ప్రతిసంవత్సరమును ఈ మహాసభయందు మన బిడ్డల చదువులనుగూర్చియు, ఉద్యోగములనుగూర్చియు ముచ్చటించుకొనుచున్నాము. నేడు కార్యదర్శిగారు నాకు వేఱొక విషయము నప్పగించిరి. ఫుట్‌బాలు ఆటనే జీవనోపాధిగా గైకొని, పరదేశమున కేగి, వెనుకవరుసలో నిలిచి యాడువాని జీవితమెట్టిదను విషయమది. చేవెళ్ల, మొయినాబాదు రైతుకుటుంబములకు దీనితో నేమి పని యని కొందఱనుకొనవచ్చును. పని గలదు.

మనము నిత్యము రాకపోకలు సాగించు మఱ్ఱిచెట్ల బాటకు చేరువనే, మొయినాబాదు మండలపు అజీజునగరున, డెక్కన్ ఎరీనా యను క్రీడారంగము గలదు. అది శ్రీనిధి డెక్కన్ క్లబ్బువారి నెలవు. ఆ క్లబ్బు 2021–22లో ఐ-లీగున ప్రవేశించి తొలియేటనే మూడవ స్థానమును, 2022–23లోను 2023–24లోను రెండవ స్థానమును బడసెను. బ్రెజిలు దేశీయుడైన ఎలీ సబియా యను వెనుకవరుస ఆటగాడు చెన్నైయిన్ క్లబ్బున నాడి, 2021–22లో లీగు షీల్డు గెలిచిన జంషెడ్‌పూరు జట్టున నుండి, పిదప 2023–24లో ఈ జట్టున జేరెను. మనవారు బొంబాయికిని దుబాయికిని పొట్టచేతబట్టుకొని పోయినట్లే, అతడును తన దేశమును, భాషను విడిచి మన పొలిమేరకు పనికై వచ్చినవాడు. విదేశమున ఆడుటయనగా నిదియే: జీతమునకు చేయు పని.

ఆ పని మన రైతులకు సులభముగా బోధపడును. చేనిలో మంచెపై గూర్చున్న కాపరి పక్షులను తోలుటయే గాక, అవి యేదిక్కునుండి వాలునో ముందుగా కనిపెట్టవలయును. అట్లే యీ యాటగాడు ప్రత్యర్థి పరుగును ముందే పసికట్టి, త్రోవకడ్డమై, బంతిని గైకొని తనవారి కందించును. గోలు వేసినవాని పేరు ఊరంతయు మ్రోగును. గోలు పడకుండ గాచినవాని పేరు అరుదుగా వినబడును. కాని యొక్కసారి తడబడెనా, ఆ తప్పు అందఱికిని గనబడును. ఓర్పు లేనివానికి ఈ పని చెల్లదు.

ఇందలి కష్టము నెఱుగుటకు సందేశ్ ఝింగన్ వృత్తాంతము చాలును. ఈతడు భారతజట్టున వెనుకవరుసకు మూలస్తంభము. 2020లో అర్జున పురస్కారము నందినవాడు. 2021 ఆగస్టులో క్రొయేషియా దేశపు షిబెనిక్ క్లబ్బున జేరెను. అచ్చట గాయపడి, ఒక్క పోటీయైనను ఆడకయే 2022 జనవరిలో మరలివచ్చెను. అంతటివానికే యట్లు జరిగినది. అయినను అతడు కుంగిపోక, స్వదేశమున ఆట సాగించెను.

మన తెలంగాణమువారును ఈ త్రోవ త్రొక్కనివారు కారు. హైదరాబాదున పెరిగిన సయ్యద్ నయీముద్దీన్ గారు వెనుకవరుస ఆటగాడే. ఆ కాలమున దూరదేశమనగా కలకత్తాయే. అచ్చటి గొప్ప క్లబ్బులలో నాడి, 1970లో బ్యాంకాకు ఏషియా క్రీడలయందు కంచుపతకము గెలిచిన భారతజట్టునకు నాయకుడయ్యెను. ఆ యేడే అర్జున పురస్కారమును, 1990లో శిక్షకునిగా ద్రోణాచార్య పురస్కారమును బడసెను. కాళ్లసత్తువ తఱిగిన పిదప నేర్చిన విద్యయే యతనికి అన్నము పెట్టినదని గ్రహింపుడు. ఆడుబిడ్డల మాటయు మఱువరాదు. నిజామాబాదు ప్రాంతపు గుగులోతు సౌమ్య ముందువరుస ఆటకత్తె. ఆమె 2022లో క్రొయేషియాయందలి డైనమో జాగ్రెబ్ క్లబ్బున జేరినది.

ఇక ముఖ్యమైన మాట. మన ప్రాంతమున భూముల ధరలు మిన్నంటినవి. “మీ పిల్లవానిని విదేశపు క్లబ్బున జేర్పింతును, ఇంత ధనమిండు” అని యెవడైన దళారి వచ్చినచో, తండ్రి మనసు ఒక యెకరమును అమ్ముటకు మొగ్గవచ్చును. అమ్మకుడు! నిజమైన క్లబ్బు ఆటగానికి జీతమిచ్చునే కాని, అతని తండ్రిచే సొమ్ము పెట్టించుకొనదు. ప్రపంచ ఫుట్‌బాలు సంస్థయైన ఫిఫా నియమములనుబట్టి, కొన్ని మినహాయింపులు దప్ప, 18 ఏండ్లు నిండనివానిని ఒక దేశమునుండి మఱొక దేశపు క్లబ్బునకు మార్చరాదు. ఒప్పందము అయిదేండ్లకు మించరాదు. 18 ఏండ్ల లోపువానికి మూడేండ్లకు మించరాదు. ఈ రెండు మాటలు తెలిసిన తండ్రిని మోసగించుట కష్టము.

కావున పోషకమహాశయులకు మూడు విన్నపములు. మొదటిది: ఆటయందు నేర్పుగల మన బాలురకును బాలికలకును విద్యార్థివేతనము లిండు, కాని చదువు మానినవారికి వలదు. గాయము ఏనాడు తగులునో యెవ్వరెఱుగుదురు? రెండవది: మన సంఘమందలి న్యాయవాదులు, పిల్లల తండ్రులు సంతకము చేయకమునుపే, ఒప్పందపత్రమును ఉచితముగా చదివి వివరింతురుగాక. మూడవది: గాయపడిన ఆటగాని చికిత్సకై కొంత మూలధనము వేఱుగా నుంచుడు.

డాక్టరు, ఇంజనీరు అయినవానిని మనము వేదికపై సన్మానింతుము, అది యుచితమే. అట్లే మంచెపై నిలిచి యింటిని గాచునట్టి యాటగానికిని ఒక పీట వేయుడు. అతడు గెలిచి వచ్చినప్పుడు పూలదండ వేయుట సులభము. ఝింగన్ వలె ఒక్క ఆటయు నాడక, నొప్పికాలితో తిరిగివచ్చిన దినమున ఇంటి తలుపు తీసి పిలుచుటయే సంఘధర్మము.