చవుక వెల యాటలు



నేను దిల్‌సుఖ్‌నగరునకును ఎల్.బి. నగరునకును నడుమ నొక బడిలో ముప్పదియేండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చదివినది వ్యాకరణము, కావ్యములు. అట్టివాడు కంప్యూటరు ఆటలను గూర్చి మాటలాడుట మీకు వింతగా దోపవచ్చును. కాని నాకు వానితో నొక సంబంధము గలదు. ఒక బాలునకు నేను ఋణపడియుంటిని. ఆ ఋణము కథయే నేటి ప్రసంగము.

మొదట ఆట యననేమో చెప్పెదను. తోలుబొమ్మలాట మీరందరు నెరుగుదురు. తెరవెనుక నున్నవాడు బొమ్మ నాడించును, తెరముందున్నవారు చూతురు. వీడియో గేమునందు జూచువాడే యాడించువాడు. టెలివిజను తెరమీద బొమ్మ పరుగిడును, గంతులు వేయును, గోతిలో బడి చచ్చును, మరల బ్రదుకును. ఏ మీట నొక్కిన బొమ్మ యేమి చేయవలయునో, గోయి యెంత దూరమున నుండవలయునో, ముందుగా నొకడు కూర్చుండి లెక్కగట్టి వ్రాసియుంచును. ఆ వ్రాతకే ప్రోగ్రామని పేరు. వ్రాసినవాడొకడు గలడను మాటను జ్ఞాపకముంచుకొనుడు.

1990 తరువాతి యేండ్లలో దిల్‌సుఖ్‌నగరు రోడ్డు వెంబడి కంప్యూటరు నేర్పు శిక్షణాలయముల బోర్డులు దినదినము పెరుగుచుండెను. జిల్లాలనుండి వచ్చిన పట్టభద్రులు మేడమీది గదులలో నా విద్య నభ్యసించుచుండిరి. క్రింద సందులలో చిన్నపిల్లలకు వేరొక విద్యాలయముండెను. ఇరుకు గది, నాలుగు టెలివిజను పెట్టెలు, గంటకింత యని రుసుము. కొత్తపేట పండ్ల బజారునుండి మామిడిపండ్ల వాసన గాలిలో వచ్చుచుండగా, మా బడిపిల్లలు చెప్పులు బయట విడిచి లోన బాసిపట్టు వేసుకొని కూర్చుండెడివారు. ఆట లుండు ప్లాస్టిక్ డబ్బీ యరచేతి యంత. దానిని వారు క్యాసెట్టనిరి. పైని కాగితము మీద ‘9999999 ఆటలు’ అని యుండును. తీరా చూచిన నున్నవి అయిదారే! వానినే పేరు మార్చి, క్రమము మార్చి, మరల మరల లెక్కించిరి. మన పురాణములలోని యతిశయోక్తి వీని ముందు నిలువదు.

1998లో నొకనాడు ఏడవ తరగతికి సవర్ణదీర్ఘసంధి చెప్పుచుంటిని. వెనుక బల్ల క్రింద నొక డబ్బీ చేతులు మారుచుండెను. నేను పోయి లాగికొని, కోపావేశమున నేలకు గొట్టితిని. అది రెండు చెక్కలయ్యెను. ఆ బాలుడు కంట నీరు పెట్టలేదు. ముక్క లేరుకొని సంచిలో వేసికొనెను. మరునాడు బడికి రాలేదు. నాలుగు దినములు రాలేదు.

అయిదవనాడు వాని యిల్లు వెదకికొని పోతిని. తల్లి చెప్పినది విని నా కాళ్లు నిలువలేదు. ఆ క్యాసెట్టు దుకాణమునుండి అద్దెకు దెచ్చినది. దుకాణదారుడు 250 రూపాయలు కట్టుమన్నాడట. బాలుడు తెల్లవారుజామున పండ్ల బజారులో బత్తాయి గంపలు మోయుచుండెను. సంధి విడదీయుట నేర్పవలసినవాడను నేను పిల్లవానిని బడినుండి విడదీసితిని.

తిన్నగా దుకాణమునకు బోయి సొమ్ము చెల్లించితిని. పండితుని చాపల్యము పోదు గదా, “దీనిని వ్రాసినవాడెవ్వడు?” అని యడిగితిని. అతడు నవ్వి, “మాకేం తెలుసు మాస్టారూ? సరుకు వస్తుంది, అమ్ముతాం” అనెను. ఆడించి చూపెను గూడ. ఆట మొదటి పలకమీద కర్త పేరుగాని, ప్రకాశకుని పేరుగాని లేదు. ప్రతి యాశ్వాసాంతమునను గద్యలో తన పేరు, తండ్రి పేరు, గురువు పేరు చెప్పికొను కవులను జదివినవాడనగుటచే నాకది తలలేని మొండెమువలె గనబడెను.

బాలుడు బడికి వచ్చెను. నేను వానితో నీ మాట యెన్నడు నెత్తలేదు. సొమ్ము చెల్లినది, ఋణము చెల్లలేదు.

గత సంవత్సర మతడు మా యింటికి వచ్చెను. ఇప్పుడు మాదాపురములో ప్రోగ్రాములు వ్రాయు నుద్యోగము. నేను చేతులు జోడింపబోగా వారించి, “అది అప్పటికే సగం చెడిపోయిందండీ, ఊదితే గాని ఆడేది కాదు” అని నవ్వెను. పిదప జేబులోని ఫోను దీసి యా పాత యాటనే చూపెను. ఇప్పుడు దాని మొదటి పలకమీద కొనామీ యను జపాను సంస్థ పేరున్నది. ఆ యాట పేరు కాంట్రా, 1987లో పుట్టినది. మా సందులలోని యంత్రము సైతము నింటెండో యను జపాను సంస్థ 1983లో చేసినదానికి దొంగప్రతి యట. ప్రతులెత్తువారు పలకమీది పేర్లు దుడిచివేసిరి.

“చవుకగా ఇయ్యాలంటే పేరు తుడవక తప్పదా?” యని నే నడిగితిని. అందుల కతడు ఇంగ్లండు దేశపు వృత్తాంతము చెప్పెను.

అచ్చట 1982లో సింక్లెయిర్ సంస్థవారు స్పెక్ట్రమ్ అను చిన్న కంప్యూటరు నమ్మిరి. దానికి మనము పాటలు వినునట్టి టేపు క్యాసెట్టులలోనే యాటలు వచ్చెడివి. టేపు నైదు నిమిషములు కీచుమని కూయనిచ్చిన పిదప నాట మొదలగును. క్యాసెట్టు వెల యైదు మొదలు పది పౌనులు. పిల్లల చేతిఖర్చున కందదు. 1983లో మార్టిన్ ఆల్పర్, ఫ్రాంక్ హెర్మన్ మొదలగువారు మాస్టర్‌ట్రానిక్ అను సంస్థ స్థాపించి, ఒక పౌను తొంబది తొమ్మిది పెన్నీలకే యాట నమ్మిరి. అనగా నాటి మారకమున మన 30 రూపాయల ప్రాంతము. కంప్యూటరు దుకాణములనే నమ్ముకొనక, వార్తాపత్రిక లమ్ము కొట్లలోను, పెట్రోలు బంకులలోను క్యాసెట్లు వ్రేలాడదీసిరి. ప్రతిమీద లాభము స్వల్పము, ప్రతులు వేలకొలది. 1984లో టెలిఫోను సంస్థవారు కూడ ఫైర్‌బర్డ్ అను పేర నీ వ్యాపారమున దిగిరి. మాస్టర్‌ట్రానిక్‌నకు ఆటలు వ్రాసియిచ్చిన రిచర్డ్, డేవిడ్ డార్లింగ్ అను యువక సోదరులు 1986లో కోడ్‌మాస్టర్స్ అను సొంత సంస్థ పెట్టుకొనిరి.

ఆ చవుక యాటలలో చప్పనివి పెక్కులని అతడే యొప్పుకొనెను. కాని మంచివియు గలవు. డేవిడ్ జోన్స్ అనువాడు వ్రాసిన ఫైండర్స్ కీపర్స్ (1985), ఆలివర్ కవలలు వ్రాసిన డిజ్జీ (1987) నేటికిని ముచ్చటించుకొందురట. డిజ్జీ కథానాయకుడు కాలుసేతులున్న యొక కోడిగ్రుడ్డు! ముఖ్యమైన సంగతి యేమన, ఆ రెండు పౌనుల డబ్బీమీదను వ్రాసినవాని పేరు అచ్చుపడెను. ఆ పేరు చూచి, “నావంటి కుర్రవాడే వ్రాసినాడు, నేనేల వ్రాయరాదు?” అని యెందరో బాలురు ప్రోగ్రాములు వ్రాయ నేర్చిరి.

ఇది విని నాకు మన ప్రకాశకులు జ్ఞప్తికి వచ్చిరి. 1854లో చెన్నపురిలో వెలసిన వావిళ్లవారి ముద్రణలవలన గాదా తాళపత్రములు లేని యింటికిని ప్రబంధములు వచ్చినవి? ఎమెస్కోవారు ఇంటింట గ్రంథాలయ మని జేబుపుస్తకములు పంచలేదా? వారును వెల తగ్గించిరి; కవి పేరు తగ్గింపలేదు. వెల తగ్గించుట ధర్మము. పేరు తుడుచుట దొంగతనము. మా సందులలో జరిగినది రెండవది.

మరి యా సందుల యాటలను నేను పూర్తిగా నిందింపగలనా? గంపలు మోసిన యా బాలునకు అసలు ప్రతి వెల యెన్నడు నందదు. మనదేశమున 1984లో కేంద్రప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద కొన్ని బడులకు కంప్యూటరులిచ్చెను. మా బడి వానిలో లేదు. వానికి యంత్రముతో మొదటి పరిచయమిచ్చినది ఆ దొంగప్రతియే. ఇది నాకు సులభముగా విడిపోవని సంధి. అతనినే యడిగితిని. అతడు కొంతసే పాలోచించి, “ఆడినందుకు సిగ్గుపడనండి. కానీ ఇప్పుడు నేను రాసిందాని మీద నా పేరు ఎవరైనా తుడిస్తే ఊరుకోను” అనెను.

ఇంకొక మాట చెప్పెను. మన 1957 నాటి కాపీరైటు చట్టమును 1984లో సవరించినప్పుడు కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతులలో జేర్చిరట. నాకు రోమాంచమయ్యెను. నేను నేలకు గొట్టినది ఒక సాహిత్యకృతి! దాని కర్తృత్వము నడిగినవాడను నేనే, దానిని విరిచినవాడను నేనే.

పెద్దలారా, మాస్టర్‌ట్రానిక్ 1988లో వర్జిన్ సంస్థలో గలిసి, ఆ వెనుక పేరే మరుగుపడెను. కోడ్‌మాస్టర్స్‌ను 2021లో అమెరికా సంస్థ యొకటి కొన్నది. మా సందులలోని గదులు మూతపడినవి; గడ్డిఅన్నారపు పండ్ల బజారు సైతము 2021లో బాటసింగారమునకు దరలిపోయినది. ఇప్పుడు మీ మనుమలు మీ యరుగులమీదనే ఫోనులలో నాడుచున్నారు. విసుగు కలిగినప్పుడు దానిని లాగికొని నేలకు గొట్టకుడు. అది నేను చేసిన తప్పు. ప్రక్కన గూర్చుండి, “నాయనా, దీనిని వ్రాసినవారెవ్వరు?” అని యొక్కమా రడుగుడు. వారు వెదకి చెప్పుదురు. వెదకినవానికి, తానును వ్రాయవచ్చునను తలంపు కలుగవచ్చును.