గిడ్డంగిలో వెలసిన గానం: ఫ్రాంకీ నకల్స్



అమృతోత్సవ సభలో సంగీతాన్ని గూర్చి ప్రసంగమనగానే త్యాగరాజస్వామియో, ఘంటసాల వారో, బాలమురళీకృష్ణ గారో ప్రస్తావనకు రావడం ఆచారం. నేటి విషయం అది కాదు. అమెరికా దేశంలో, షికాగో మహానగరంలో, ఒక పాత గిడ్డంగిలో, ఇతరులు పాడిన పాటలను వినిపించడమే వృత్తిగా స్వీకరించి, ఆ వృత్తినే కళగా మలచిన ఫ్రాంకీ నకల్స్ అనే ఒక కళాజీవి చరిత్ర ఇది. ఆయన డీజే. ఈ మాట వినగానే కొందరు పెద్దలు ముఖం చిట్లించడం సహజమే. నేడు తెలుగునాట డీజే అంటే పెళ్ళి ఊరేగింపు ముందు లారీ మీద పేర్చిన పెట్టెలు, ఆ మోతకు అదిరిపడే కిటికీ అద్దాలు, మరునాడు ఠాణాకు చేరే ఫిర్యాదులు. అంతకు ముందు తరం వారికైతే తిరునాళ్ళలోని రికార్డింగు డాన్సు గుర్తుకు రావచ్చును. వాటికీ ఈ చరిత్రకూ చుట్టరికం చాలా దూరపుది. అయితే ఇంటింటా పిల్లలు చెవులకు తగిలించుకొని వింటున్న నృత్య సంగీతంలో చాలా భాగానికి మూలం ఆ గిడ్డంగిలో ఉన్నది. పిల్లలు వినేదేమిటో పెద్దలకు తెలిసి ఉండడం మంచిదే కదా.

ఫ్రాంకీ నకల్స్ 1955 జనవరి 18న న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించారు. అసలు పేరు ఫ్రాన్సిస్ నికల్స్. యౌవనంలో ఆయన అభ్యసించిన విద్య వస్త్రాలపై చిత్రరచన. లారీ లెవాన్ అనే ప్రాణస్నేహితునితో కలసి ఆయన 1970 దశకం ఆరంభంలోనే నగరంలోని నృత్యశాలలకు అలవాటు పడ్డారు. తొలుత ఇద్దరూ అక్కడ చేసింది హాలు అలంకరించడం వంటి చిల్లర పనులు. తరువాత రికార్డులు వేసే అవకాశం చిక్కింది. ఇద్దరిలో లెవాన్‌కే ముందుగా పేరు వచ్చింది.

ఒకరి పాటను యంత్రం మీద పెట్టి వినిపించడంలో కళ ఏమున్నదని ప్రశ్నించవచ్చును. డీజే ముందు రెండు రికార్డు ప్లేయర్లుంటాయి. మొదటి దానిపై పాట సాగుతూ ఉండగానే రెండవ దానిపై మరొక పాటను తన చెవికి మాత్రమే వినబడేలా పెట్టుకొని, పళ్ళెం వేగాన్ని వెంట్రుకవాసి హెచ్చించి తగ్గించి, రెండింటి లయనూ ఏకం చేస్తాడు. పిదప మొదటి పాటను మెల్లగా తగ్గిస్తూ రెండవ దానిని పైకి తెస్తాడు. ఆడేవాని పాదం ఎక్కడా తడబడరాదు. ఇంతవరకు చేతి నేర్పు. అసలు విద్య ఏ పాట తరువాత ఏ పాట అన్న నిర్ణయంలో ఉన్నది. హరికథ చెప్పే దాసుగారు సభలో కనురెప్పలు వాలుతున్నవని గ్రహించగానే ఒక పిట్టకథ అందుకుంటారు. కథ రక్తి కట్టినదని తోచితే అదే ఘట్టాన్ని మరికొంత సేపు పెంచుతారు. కథ వ్యాసులవారిదే గదా, దాసుగారి గొప్ప ఏమున్నదని ఎవరూ అనరు. నకల్స్ చేసింది ఆ పని. తేడా అల్లా ఆయన సభ రాత్రి మొదలై మరునాడు పొద్దెక్కే దాకా నిలువుకాళ్ళ మీద సాగేది.

1977లో రాబర్ట్ విలియమ్స్ అనే నిర్వాహకుడు షికాగోలో ఒక నృత్యశాల తెరవడానికి పూనుకొన్నాడు. న్యూయార్కులో ఈ మిత్రులిద్దరినీ ఎరిగినవాడు. మొదట లెవాన్‌ను పిలిచాడు, ఆయన రానన్నాడు. రెండవ పిలుపు నకల్స్‌కు వచ్చింది. ఇరవై రెండేళ్ళ వయసులో, పెట్టెలోని రికార్డులే ఆస్తిగా ఆయన పరాయి నగరం చేరారు. సౌత్ జెఫర్సన్ వీధిలో 206వ నంబరు భవనం అది. మూడంతస్తుల పాత కట్టడం. జనం దానిని వేర్‌హౌస్ అన్నారు, అనగా గిడ్డంగి.

అక్కడికి వచ్చినవారిలో అధికులు నల్లవారు, లాటిన్ అమెరికా మూలాలవారు. అందులోనూ స్వలింగ ప్రేమికులైన యువకులు. నకల్స్ కూడా వారిలో ఒకరే. నగరంలోని తెల్లవారి క్లబ్బులలో వర్ణం అడ్డు వచ్చేది. తమ సొంత పేటలో, తమ ఇంట, ఒక్కొక్కసారి తమ ప్రార్థనామందిరంలో సైతం, తాము ఎవరో చెప్పుకొనలేని స్థితి. అటువంటివారికి వారంలో ఒక్క రాత్రి తలయెత్తుకొని నిలువగలిగిన చోటు అది. తమ ఇంటి భాష వీధిలో వినబడని నగరంలో ఒక పాఠశాలను డెబ్బై అయిదేళ్ళు నిలుపుకొన్న ఈ సభవారికి అటువంటి చోటు విలువను విడమరచి చెప్పనక్కరలేదు. వేర్‌హౌస్‌లో మద్యం అమ్మేవారు కారు. పండ్ల రసాలే దొరికేవి. మత్తుపదార్థాల ఊసే లేదనడం మాత్రం సత్యదూరమవుతుంది. నడిరాత్రి దీపాలన్నీ ఆర్పివేసి, చిమ్మచీకటిలో పొగబండి దూసుకువచ్చే చప్పుడును హాలు ఒక కొస నుండి మరొక కొస దాకా వినిపించడం నకల్స్‌కు ఇష్టమైన చమత్కారం.

అప్పటికి ఆ దేశమంతటా మారుమ్రోగుతున్నది డిస్కో సంగీతం. 1979 జూలై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల నడుమ, స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత ఆధ్వర్యంలో డిస్కో రికార్డుల దహనం జరిగింది. ఒక రికార్డు వెంట తెచ్చినవారికి ప్రవేశ రుసుము 98 సెంట్లు మాత్రమే. దాదాపు యాభై వేల మంది చేరారు. రికార్డులను మైదానం మధ్య పోగుచేసి మందుగుండుతో పేల్చివేశారు. జనం మైదానంలోకి దూకడంతో రెండవ ఆట జరుగనే లేదు. ఆ సాయంత్రం అక్కడ ప్రేక్షకులకు సీట్లు చూపే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి బాలుడు ఉన్నాడు. సింథసైజర్ కొనడానికి డబ్బు కూడబెట్టుకొంటున్న కుర్రవాడు. పేలుడుకు తెచ్చిన రికార్డులలో చాలా వరకు డిస్కోవి కావనీ, కేవలం నల్లవారు పాడినవనీ అతడు తరువాతి కాలంలో సాక్ష్యమిచ్చాడు. ఒక సంగీతం మీద విసుగుకు, ఆ సంగీతం చేసే మనుషుల మీద ద్వేషానికి మధ్య గీత ఎంత పలుచనో ఆ సాక్ష్యం చెబుతుంది.

ఆ దహనం తరువాత పెద్ద రికార్డు కంపెనీలు నృత్య సంగీతాన్ని విడిచిపెట్టసాగాయి. ఆడడానికి తగిన కొత్త రికార్డులు కరవయ్యాయి. మైదానానికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఉన్న గిడ్డంగికి మాత్రం వారం వారం జనం వస్తూనే ఉన్నారు. వారికి ఏమి వినిపించాలి? నకల్స్ పాత పాటలనే విప్పి మరల కుట్టడం మొదలుపెట్టారు. వస్త్రశిల్పం చదివిన చేయి కదా. ఒక మిత్రుని సాయంతో పాటను టేపు మీదికి ఎక్కించి, బ్లేడుతో ముక్కలు కోసి, రక్తి కట్టే భాగాన్ని రెట్టింపు చేసి, విసుగు పుట్టించేది తొలగించి, అతుకు తెలియకుండా అంటించేవారు. మూడు నిమిషాల పాట ఎనిమిది నిమిషాలకు పెరిగేది. కింద లయ చాలదనిపిస్తే తాళయంత్రాన్ని జోడించేవారు. జపాను వారి రోలాండ్ కంపెనీ 1983లో తెచ్చిన టీఆర్-909 అనే యంత్రం బజారులో నెగ్గలేదు. సుమారు పదివేలు మాత్రమే తయారై ఆగిపోయింది. అమ్ముడుపోని ఆ యంత్రాలు చౌకగా పేదపిల్లల చేతికి వచ్చాయి. డెట్రాయిట్ నగరపు డెరిక్ మే అనే యువకుని వద్ద నకల్స్ ఒకటి కొన్నారు. నాలుగు దెబ్బల చతురశ్ర నడక, ప్రతి దెబ్బకూ గుండెకు తగిలే డోలు, నిమిషానికి సుమారు నూట ఇరవై దెబ్బల వేగం. దానిపై సువార్త గీతాల బాణీలో ఎగసే కంఠం. ఇదే నూతన సంగీతపు స్వరూపం.

ఇక్కడ ముంబయివారికి ఆసక్తి కలిగించే ముచ్చట ఒకటి కలదు. 1982లో ఇదే నగరంలో, హిందీ చిత్రాలకు వాద్యకారునిగా పనిచేసిన చరణ్‌జిత్ సింగ్, రోలాండ్ వారి యంత్రాలతోనే పది రాగాలను డిస్కో లయలో వాయించి రికార్డు చేశారు. ఎవరూ పట్టించుకొనలేదు. దాదాపు మూడు దశాబ్దాలకు, 2010లో అది మరల విడుదలైనప్పుడు, షికాగోవారి తరువాతి సంగీతానికి ఇంత పోలిక ఎట్లా వచ్చినదని పాశ్చాత్యులు విస్తుపోయారు. షికాగోకు ఆయన సంగతి తెలియదు. ఆయనకు షికాగో సంగతి తెలియదు.

వేర్‌హౌస్‌లో విన్న పాటలు కావాలని కుర్రవాళ్ళు రికార్డు దుకాణాలలో అడుగసాగారు. దుకాణదారులు ఆ పేరుతో చీటీలు అంటించారు. వేర్‌హౌస్ అన్న మాటలో ముందు సగం అరిగిపోయి హౌస్ మిగిలింది. ఈ పేరు పుట్టుకకు ఇతర కథలూ ఉన్నవి గాని, ఎక్కువమంది ఒప్పుకొనేది ఇదే.

1982 చివరికి నకల్స్ ఆ చోటు విడిచారు. పేరు పెరగడంతో విలియమ్స్ ప్రవేశ రుసుమును రెట్టింపు చేశాడు. జనం తీరు మారింది. ఎవరి కోసం ఆ తలుపు తెరిచారో వారే వెనుకబడసాగారు. నకల్స్ పవర్ ప్లాంట్ అనే పేరుతో తన సొంత నృత్యశాల తెరిచి, అద్దె, దీపాలు, ధ్వనిపెట్టెలు, ద్వారం వద్ద లెక్క, అన్నీ తానే చూసుకొన్నారు. విలియమ్స్ మ్యూజిక్ బాక్స్ అనే చోట రాన్ హార్డీని నిలిపాడు. హార్డీది ఉద్రేకం, నకల్స్‌ది ఒద్దిక. ఇద్దరి పోటీ వల్ల నగరానికి మేలే జరిగింది. తాము ఇంట్లో చేసిన టేపులను పిల్లలు ఇద్దరి దగ్గరకూ మోసుకొని వచ్చేవారు. 1984లో జెస్సీ సాండర్స్ పేరుతో ‘ఆన్ అండ్ ఆన్’ అనే రికార్డు వెలువడింది; తొలి హౌస్ రికార్డులలో ఒకటిగా దానిని పరిగణిస్తారు. దాని రచనలో పాలు పంచుకొన్నవాడు, కొమిస్కీ పార్క్‌లో సీట్లు చూపిన ఆ విన్స్ లారెన్స్.

నకల్స్ కీర్తిలో ఒక చిక్కు కూడా ఉన్నది. జేమీ ప్రిన్సిపుల్ అనే యువకుడు ‘యువర్ లవ్’ అనే పాట కట్టాడు. నకల్స్ దాని టేపును తన శాలలో వినిపించి, మెరుగులు దిద్ది, ప్రచారంలోకి తెచ్చారు. 1987లో రికార్డుగా వచ్చినప్పుడు దానిపై ముద్రితమైన పేరు నకల్స్‌ది. లోకం చాలాకాలం ఆయన పాటగానే ఎంచింది. అచ్చు వేసినవారిది తప్పు కావచ్చును. నష్టం మాత్రం పాట కట్టినవానిది. ఆ కాలపు షికాగోలో చేతిరాతల మీద, నోటిమాటల మీద నడచిన బేరాలలో ఇటువంటివి అనేకం. తమ పాటలు ఇంగ్లండులో అగ్రస్థానం పొందుతున్నా చేతికి పైసా అందనివారు ఎందరో ఉన్నారు. 1987 జనవరిలో స్టీవ్ హర్లీ పాట బ్రిటను జాబితాలో ప్రథమ స్థానం పొందింది. పుట్టిన దేశంలో మాత్రం ఆ సంగీతాన్ని అడిగేవారు తక్కువే.

పవర్ ప్లాంట్ కొన్నేళ్ళకే మూతపడింది. నకల్స్ న్యూయార్కుకు తిరిగి వెళ్ళి, డేవిడ్ మొరాలిస్, జూడీ వైన్‌స్టీన్‌లతో కూడి, ప్రసిద్ధ గాయకుల పాటలకు నృత్యరూపాలు కూర్చారు. 1989లో సతోషి తొమీయే అనే జపాను యువకుడు, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్‌లతో చేసిన ‘టియర్స్’, 1991లో వెలువడిన ‘ది విజిల్ సాంగ్’ ఆయన స్వభావానికి అద్దం పడతాయి. తొందర లేదు, అరుపు లేదు. ఆ దశకంలోనే తోడివారు రాలిపోయారు. ఎయిడ్స్ వ్యాధి ఆ నృత్యశాలల తరాన్ని ఊచకోత కోసింది. 1992లో రాన్ హార్డీ, అదే సంవత్సరం నవంబరులో 38 ఏళ్ళకే గుండె జబ్బుతో లారీ లెవాన్ మరణించారు. 1998లో గ్రామీ సంస్థ పాటలకు నూతన రూపం కూర్చేవారికి తొలిసారిగా ఒక బహుమతి నెలకొల్పినప్పుడు, దానిని అందుకొన్న మొదటి వ్యక్తి నకల్స్.

2004 ఆగస్టులో షికాగో నగరం జెఫర్సన్ వీధిలో కొంత భాగానికి గౌరవార్థం ఆయన పేరు పెట్టింది. అప్పటికి ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటరుగా ఉన్న బరాక్ ఒబామా అందుకు తోడ్పడ్డారు. మంచు మీద జారే క్రీడలో తగిలిన దెబ్బ ముదిరి, మధుమేహం తోడై, 2008లో ఆయన ఒక పాదం తీసివేయవలసి వచ్చింది. అయినా పని మానలేదు. 2014 మార్చి 31న, 59 ఏళ్ళ వయసులో, షికాగోలోనే కన్నుమూశారు. అంతకు కొద్దిరోజుల ముందు కూడా లండనులో రాత్రి సభ నడిపి వచ్చారు.

ఆయన పోగుచేసిన వేలాది రికార్డులు నగరపు దక్షిణ భాగంలో, 2015లో కళాకేంద్రంగా తెరుచుకొన్న ఒక పాత బ్యాంకు భవనానికి చేరాయి. జెఫర్సన్ వీధిలోని గిడ్డంగికి మాత్రం చాలాకాలం ఏ రక్షణా లేకపోయింది. ఎప్పుడైనా కూల్చివేస్తారన్న భయంతో అభిమానులు, వారసత్వ పరిరక్షకులు సంతకాలు సేకరించి నగరపాలక సంస్థను ఆశ్రయించారు. 2023 జూన్‌లో పాలకమండలి దానిని రక్షిత కట్టడంగా ప్రకటించింది.